తెరమీద మన సావుకారు

మిత్రమా,

నీ నవలను సినిమాగా తీసిన మహానుభావుల తరఫునా, చప్పట్లు కొట్టిన ఆదోని పురజనుల తరఫునా, నువ్వు పోయి ఏడాదైన రోజే ఆ ఆటకు వెళ్ళిన నా తరఫునా సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. కోరుతున్నానే గాని, ఇందులో నా తప్పేమీ లేదు.

కోసిగి జనం మూటలు కట్టుకొని వలసపోతుంటే తన పత్రికలో "కరువు లేదు" అని అచ్చు వేసిన నీ సావుకారు, సినిమాలో మూడు పాటలు పాడాడు. వలస జనం ఇస్త్రీ బట్టల్లో కోరస్ అందుకున్నారు. నాకు నవ్వు రాలేదు. పక్క కుర్చీలో అసలు సావుకారే ఉన్నాడు. నేనిప్పుడు ఆయన పత్రికలోనే ప్రూఫులు దిద్దుతున్నాను. మా నాయన ఆయన జిన్నింగు మిల్లులో పత్తి తూకం వేస్తున్నాడు. తెరమీదివాడు నువ్వు రాసినట్టే మాటకు ముందు చెవి గోక్కుంటుంటే, పక్కన ఈయనా గోక్కుంటున్నాడు.

విరామంలో ఆయన నావైపు తిరిగాడు.

"ఎవడప్పా ఇది రాసినోడు? ఏదో మారుపేరు ఏసుకున్యాడు. నీకు తెలుసునా?"

మొహంలో నవ్వు లేదు.

ఆట ముగిశాక మాత్రం నా భుజం తట్టాడు. "ఆ యెమ్మిగనూరు సావుకారును అచ్చం దించినాడు సూడప్పా. వాడు యాడుండాడో కనుక్కో. శాలువా కప్పుదాం."

యాడున్నావో నాకు తెలుసు. అయినా కనుక్కుంటానన్నాను. ఎందుకంటే విరామంలో ఆయన అడిగినప్పుడే, మీ అమ్మ నాకిచ్చిన నీ చొక్కా తొడుక్కొని కూర్చుని, నువ్వెవరో నాకు తెలియదన్నాను.