మాయపడవవాడి చివరి పేజీ

దొరవారిసత్రం, ఆదివారం

ఉషక్కా, నేను బాగానే ఉన్నా, బెంగపడొద్దు.

నిన్న రాకెట్ వదిలే రోజని వేటకు పోనీక, ఇక్కడ పడవలు కదల్లేదు. అందుకే నేను అచ్చేసుకున్న నవల చదువుతానంటే జనం బాగానే వచ్చి కూచున్నారు. అందులో, తాను నా కథలోని మనిషేనని తెలిసిపోయిన మాయపడవవాడు, రాసే నన్నే బతిమాలి, చివరి పేజీలో ఒడ్డు చేరతాడు గదా. అది విని ఒక ముసలామె, "రాసేది నువ్వే గదమ్మా, వేటకు పోయి రాని మావోణ్ణి గూడా ఒడ్డుకు రాయవా?" అనింది. ఇక అక్కడ ఒక్క ప్రతి గూడా అమ్మబుద్ధి కాలేదు.

అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోందా? వేటనుంచి తిరిగిరాని నాన్నకు ఇంకా రోజూ అన్నం తీసిపెడుతోందా? వానకు ముందే వంటింటి రేకు వేయించు.

అమ్మకు నా దణ్ణాలు చెప్పు. నవల చదివి వినిపించమంటే మాత్రం చివరి పేజీ చదవకు. అమ్మ నమ్మేస్తుంది.

నీ చెల్లెలు వినీల