ఎడమకాలి పాత బూటు

ఏమోయ్, నేను కులాసా, కంగారు పడకు.

ఇవాళ కృత్రిమ కాళ్లు చేసే ఆవిడ నా మోకాలి కింద మిగిలిన ముక్కకి తడి ప్లాస్టరు చుట్టి అచ్చు తీసింది. గోరువెచ్చగా ఉండి కునుకు పట్టింది. ఆ కునుకులో ఎడమ పాదం తిరిగొచ్చి, మన గుమ్మం దగ్గర దాని గోధుమరంగు బూటు కోసం తడుముకుంటోంది. కళ్లు తెరిచేసరికి ప్లాస్టరు ఆరిపోయింది.

"రెండో బూటేదండీ?" అంది.

"పాదమే లేనప్పుడు బూటెందుకని మా ఆవిడతో పారెయ్యమన్నానమ్మా."

"చెప్పుల కొట్టాయన ఒంటి బూటుతో వచ్చారా? కొత్త కాలికి బూటు తొడిగి మడమ ఎత్తు చూడకుండా ఎలా నిలబెట్టను?" అని ఒకటే నవ్వు.

గురువారం కాలు తొడిగి నడిపిస్తుందట. ఈలోగా ఆ బూటు పంపు. కొట్లోంచి కొత్త జత వద్దు, ఆ పాదానికి అదే అలవాటు. అన్నట్టు, వానకి కొట్టు తలుపు ఉబ్బిందా? చిన్నదాని దగ్గు తగ్గిందా? అత్తయ్యగారికి నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు.

పారేశానని మాత్రం రాయకు. నేను బయల్దేరే ముందురోజు బీరువా వెనకనుంచి పాలిష్ వాసన వచ్చింది. నువ్వు దాచావని తెలిసీ ఊరుకున్నాను.

మీ ఆయన