ముడుచుకోవలసిన వేళ్ళు

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అన్నయ్యా నేనూ క్షేమం. అక్కడ నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. కిందటి ఉత్తరంలోనూ ఈ మాటే రాశాను. అప్పుడది సగం అబద్ధం. ఇవాళ పూర్తిగా నిజం.

నీ ప్రశ్నలకు జవాబులు. అన్నయ్య మడమలు రోజూ చూస్తున్నాను. పుండు కాదు కదా, ఎర్రదనం కూడా లేదు. నువ్వు మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళేముందు నేర్పినట్టే పొద్దున్నే కాళ్ళూ తుంటీ భుజాలూ సాగదీస్తున్నాను. మోకాలు వంచుతుంటే కాలు దానంతటదే వణికినప్పుడు ఆగి, వణుకు తగ్గాకే కదుపుతున్నాను. కాలేజీ మానలేదు. మొన్న వాదోపవాదాల పోటీలో అవతలి జట్టును మట్టి కరిపించాను. నా నోటి దురుసు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

బండి మీంచి పడి మెడ దగ్గర వెన్నుపూస విరిగాక, అన్నయ్య చేతివేళ్ళలో కదలిక పోయినా మణికట్టు పైకెత్తే బలం మిగిలిందని నీకు తెలుసు. నువ్వు వెళ్ళాక ఆ వేళ్ళు కాస్త ముడుచుకున్నాయి. బిగుసుకుపోతున్నాయని నాకు భయం వేసింది. ఇంటికి వచ్చే ఫిజియోథెరపీ మేడంతో వాదనకు దిగాను.

"కీళ్ళు బిగుసుకోకూడదని మీరే అంటారు. వేళ్ళను మాత్రం ముడుచుకోనివ్వమంటారు. రెండింట్లో ఏది నిజం?"

"రెండూ నిజమే. వేళ్ళు చాపేటప్పుడు మణికట్టు కిందికి వంచాలి. రెండూ కలిపి వెనక్కి లాగకూడదు. ఆ కాస్త బిగువుంటేనే మణికట్టు ఎత్తినప్పుడు వేళ్ళు మూసుకుంటాయి, అదే మీ అన్నయ్యకు పట్టు."

"ఇది శాస్త్రమా, సర్దుబాటా?"

"వాదనలో నువ్వే గెలిచావు తల్లీ," అంది ఆమె చేతులు తుడుచుకుంటూ. "చెయ్యి మాత్రం అతనిది."

ఓటమి ఒప్పుకుందనుకున్నాను. అమ్మా, నీ దగ్గర దాచింది ఇదే: మూడు వారాలపాటు, ఆమెకు తెలియకుండా, రోజూ అన్నయ్య అరచేతిని బల్లకు అదిమి, మణికట్టునూ వేళ్ళనూ కలిపి వెనక్కి సాగదీశాను. వేళ్ళు తిన్నగా వచ్చాయి. మురిసిపోయాను. తర్వాత ఒక పొద్దున చెంచా జారిపోయింది. మర్నాడూ జారింది. మణికట్టు ఎత్తగానే వాటంతటవే మూసుకుని చెంచాను పట్టే వేళ్ళు ఊరికే వేలాడాయి. తన కూడు తాను తినగలగడం ఒక్కటే అన్నయ్యకు మిగిలిన స్వాతంత్ర్యం. దాన్ని నేనే లాగేశాను.

"పట్టు తగ్గుతోందని ముందే ఎందుకు చెప్పలేదు?" అని అన్నయ్యను అడిగాను.

"నీతో వాదించి గెలిచినవాడెవడే, లాయరమ్మా? చెంచా చెబితే వింటావని ఊరుకున్నా."

మేడంకు అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు, తిడితే బాగుండుననిపించింది. వేళ్ళను చాపడం పూర్తిగా మాన్పించి, ముడిచి పట్టీ వేసింది. పట్టు తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనంది. అయిదు వారాలు నేనే తినిపించాను. ఒక్కసారి కూడా అన్నయ్య నా మొహంలోకి చూడలేదు.

నిన్న సాయంత్రం పట్టీ విప్పి, మేడం చెంచా అందించింది. అన్నయ్య దాని వంకైనా చూడలేదు. దిండు సర్దడానికి వంగిన నా పక్కన తన మణికట్టు మెల్లగా లేచింది. వేళ్ళు ఒక్కొక్కటే నా జడ చుట్టూ మూసుకున్నాయి. లాగాడు.

"అబ్బా! వదులు అన్నయ్యా!"

"వదలాలంటే మణికట్టు దించాలి," అన్నాడు తీరిగ్గా, నా మొహంలోకి చూస్తూ. "దించాలా వద్దా? చెప్పు, నీ వాదనేమిటి?"

తనంతట తాను వదిలేదాకా తల వంచుకుని అలాగే ఉండిపోయాను.

ఇట్లు,
మాడు ఇంకా చురుక్కుమంటున్న
నీ కూతురు