చింగోనీ మలుపులో చావులు చాలలేదట

విశ్వవిద్యాలయ రహదారి భద్రతా పరిశోధన కేంద్రం డైరెక్టరు గారి సముఖమునకు.

అయ్యా,

విషయం: చింగోనీ మలుపును తమ పరిశోధనలోని ‘పోలిక స్థలం’ జాబితా నుండి తొలగించి, మా స్పీడ్ బ్రేకర్ మమ్మల్ని వేసుకోనిచ్చుట గురించి.

చింగోనీ మలుపులో సైకిళ్ళు బాగుచేసుకుని బతికే వైసన్ చిపేతా అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. మా ఇళ్ళు రోడ్డుకు ఇవతల, నీళ్ళ బోరింగు అవతల ఉన్నవి. మధ్యలో రాజధాని లిలాంగ్వే పోయే పెద్ద రోడ్డు. మలుపు తిరిగేదాకా మినీబస్సు కనబడదు, కనబడ్డాక తప్పుకునే వ్యవధి ఉండదు. ఆడవాళ్ళు బకెట్లు నెత్తిన పెట్టుకుని రోజుకు నాలుగుసార్లు దాటవలసి ఉన్నది. అలా దాటుతూ ఈ మూడేళ్ళలో ఇద్దరు పోయారు.

2. మూడేళ్ళ క్రితం తమ కేంద్రం వారు వచ్చి, రోడ్డుకు అడ్డంగా నల్ల రబ్బరు గొట్టాలు పరిచి, పచ్చ కోట్లు తొడుక్కుని వచ్చేపోయే బండ్లను లెక్కపెట్టారు. మా కష్టాలు తీరాయనుకుని కోడిని కోసి, మొక్కజొన్న పిండితో న్సిమా ముద్ద వండి పెట్టాం. ఆ కోడిని తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

3. తర్వాత స్పీడ్ బ్రేకర్లు కాలింబా ఊళ్ళో వేశారు, మాకు వేయలేదు. కాలింబాలో మా అక్క ఉంది. అక్కడ ఆమె కోళ్ళు కూడా తాపీగా రోడ్డు దాటుతున్నాయట. మాకెందుకు లేదని తమ పరిశోధకుడు గోండ్వే గారిని అడిగాను. కుర్రవాడు మంచివాడే, చదువు ఎక్కువైంది. జరిగిన సంభాషణ యథాతథంగా:

“మీది పోలిక స్థలం, బాబాయ్. ఇక్కడ ఏమీ చెయ్యకూడదు.”

“ఎందుకని నాయనా?”

“కాలింబాలో ప్రమాదాలు తగ్గాయని చెప్పాలంటే, తగ్గని ఊరొకటి పక్కన చూపించాలి కదా.”

“అంటే వాళ్ళు బతికారని చూపించడానికి మేం చావాలా?”

“అలా అంటే ఎలా బాబాయ్! మీ ఊరి సమాచారం మాకు చాలా విలువైంది.”

ఇంత విలువ మా ఊరికి ఇంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

4. గత ఆగస్టులో మేమే పుట్టమన్ను, ఇటుక ముక్కలు తెచ్చి, దిమ్మిసా కొట్టి స్పీడ్ బ్రేకర్ వేసుకున్నాం. డ్రైవర్లు మా తాతముత్తాతలను తిట్టారు గాని, నెమ్మదిగా పోతూనే తిట్టారు. పదహారు రోజులు ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. పదిహేడో రోజు తమ వారు గ్రేడరు బండి తెచ్చి దాన్ని గీకేశారు. “సమాచారమంతా పాడుచేశారు గదా బాబాయ్!” అని గోండ్వే గారు తల పట్టుకున్నారు. ఆయన అంత బాధపడటం నేను ఆ ఒక్కసారే చూశాను.

5. గీకిన నాలుగో రోజు పొద్దున నా భార్య డొరికాను మొక్కజొన్నల లారీ కొట్టింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. తమ వారు ఫారం పట్టుకుని ఆసుపత్రికి వచ్చి, రోడ్డు దాటే ముందు రెండు వైపులా చూశావా అని మంచం మీదున్న మనిషిని అడిగారు. “చూశానయ్యా. ఒకవైపు లారీ, ఇంకోవైపు మీ గొట్టాలు” అన్నది డొరికా. ఆ జవాబు రాయడానికి ఫారంలో చోటు లేదట. పైగా ఆమె కాలు తమ లెక్కలోకి రాదట, లెక్క మరణాలకేనట.

6. పోయిన వారం మా గ్రామపెద్దకు తమ కేంద్రం ఉత్తరం వచ్చింది. ఊరందరి ముందు నేనే చదివాను. చింగోనీలో ‘ఆశించిన సంఖ్యలో సంఘటనలు నమోదు కానందున’ ఫలితం తేలలేదనీ, అందుచేత పరిశోధన మరొక సంవత్సరం పొడిగించబడినదనీ అందులో ఉంది. పోయిన ఇద్దరి ఇళ్ళవాళ్ళు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. అయ్యా, నాకు అసహ్యం వేసింది. దీనికి అర్జీల్లో వాడే మాట ఏదో నాకు తెలియదు. మా చావులు చాలలేదని రాసి, కింద ‘మీ సహకారానికి ధన్యవాదాలు’ అని సంతకం పెట్టారు.

7. డొరికా నడవలేదు గనుక ఆ బకెట్ ఇప్పుడు మా అమ్మాయి తమండా ఎత్తుకుంటున్నది. దానికి పదకొండేళ్ళు. పొద్దుటి నీళ్ళు నేనే తెస్తాను, ఆడవాళ్ళు నవ్వితే నవ్వారు. సాయంత్రం కొట్లో పని వదిలి పోలేను. అది అవతలి నుంచి తిరిగి వచ్చేదాకా నాకు పంక్చరు వేయడానికి చెయ్యి ఆడదు.

కావున వచ్చే నెల వానలు పట్టేలోగా మా మలుపును పోలిక నుండి తప్పించవలసినదిగా ప్రార్థన. మన్ను మాదే, మోత మాదే. పోలిక లేనిదే తమకు గడవదనుకుంటే, విశ్వవిద్యాలయం గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్లు పీకించి అక్కడ లెక్కపెట్టుకోవచ్చును. అక్కడ రెండు ఉన్నవి, నేను చూశాను.

ఈ సంగతి తమరు సహాయకులకు తోసెయ్యక స్వయంగా చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఇన్నాళ్ళూ),
వైసన్ చిపేతా
చింగోనీ మలుపు, నవంబరు 9

తా.క.: అర్జీ డొరికాకు చదివి వినిపించాను. “అనుమతి అడుగుతున్నావా? నా కాలు తీసుకునే ముందు వాళ్ళు నిన్ను అడిగారా?” అన్నది. నిన్న సాయంత్రం ఆడవాళ్ళంతా కలిసి పుట్టమన్ను మోశారు. డొరికా రోడ్డు పక్కన కుర్చీలో కూర్చుని ఎక్కడ ఎంత పోయాలో చెప్పింది. చీకటి పడకముందే తమండా నీళ్ళు తెచ్చింది. లారీ నెమ్మదించింది. కనుక పైన ‘ప్రార్థన’ అన్న మాట కొట్టివేయవలెను.

గ్రేడరు వస్తే డొరికా ఆ కుర్చీని రోడ్డు మధ్యకు జరుపుకుంటుందట. అన్నదంటే చేసే మనిషి. అప్పుడు తమరు ఫారం తెచ్చేటట్లయితే, జవాబు రాయడానికి చోటున్నది తేవలెను.