కదిలే పేగు

ఐజాదా నాన్నకి,

సలాం. క్షేమమని రాయడం ఆనవాయితీ కనుక రాస్తున్నాను, నమ్మకండి. మీరూ, పిల్లా, కొండ మీద గొర్రెలూ బాగుంటే నాకదే చాలు. లారీ నడిపే ఎర్కిన్ తెచ్చిన మీ ఉత్తరమూ, ఎండు పెరుగు ఉండలూ అందాయి. ఆస్పత్రివాళ్ళు నన్ను ఆ ఉండలు తిననివ్వలేదు. పక్క మంచం ముసలమ్మ అన్నీ నమిలేసింది.

కుట్లు మానాయా అని అడిగారు. మానాయి. నర్సు చెప్పేది బాగా వచ్చిందా అనీ అడిగారు. అంతా నేర్చేసుకున్నానని పోయిన ఉత్తరంలో గొప్పగా రాశాను కదా, అది అబద్ధం.

కుళ్ళిన పేగు కోసేసి, మిగిలిన కొసను పొట్ట మీదికి తెచ్చి కుట్టారని మీకు తెలుసు. దానికి తగిలించే సంచి మార్చడం నేర్పడానికి నర్సు బురుల్ రోజూ కత్తెరా, గుడ్డా పట్టుకొస్తుంది. నేను గోడవైపు తిరిగి పడుకుంటాను.

"మీ ఊళ్ళో ఏ విందుకైనా మాంసం కూరడానికి గుర్రప్పేగులు కడిగేది నువ్వేనటగా అక్కా! నీ పేగంటే నీకే అంత రోతా?" అంది ఒకరోజు, నవ్వించాలని.

"అవి చచ్చినవాటివే! ఇది కదులుతోంది!" అని అరిచాను. వార్డంతా ఇటే చూసింది.

బురుల్ కత్తెర పక్కన పెట్టి నా మంచం మీద కూర్చుంది. "ఎందుకు నేర్చుకోవు? నిజం చెప్పు."

"వసంతంలో దీన్ని మళ్ళీ లోపల పెట్టేస్తారుగా. అందాకా నువ్వే మార్చు తల్లీ."

"పెట్టరక్కా. డాక్టరు నీకు మొదటే చెప్పాడు."

చెప్పాడండీ. విన్నాను. విని కూడా వసంతంలో లోపల పెట్టేస్తారని మీకు రాశాను. నేర్చుకుంటే ఒప్పుకున్నట్టే అవుతుందని మొండికేశాను. ఇది నేను బతికున్నన్నాళ్ళూ ఉంటుంది.

ఆ రోజు ఏడుస్తూనే చూశాను. ఎర్రగా, తడిగా, వెచ్చగా ఉంది. నా చేతులకి పేగుల పని తెలుసు కదా, వాటంతటవే చేసుకుపోయాయి. ఇప్పుడు నేనే మార్చుకుంటున్నాను. ఈసారి అబద్ధం కాదు, పిల్ల మీద ఒట్టు.

ఇక మీ సంగతి. గుడారంలో ఒకే దుప్పటి కింద పడుకునేవాళ్ళం. దీనికి వాసన ఉంటుంది, చప్పుడూ ఉంటుంది. ఇంట్లోవాళ్ళ మనసు కుదుటపడటానికీ టైం పడుతుందని బురుల్ అంటోంది. దీన్ని చూడగలను అనుకుంటే వచ్చి నన్ను తీసుకెళ్ళండి. లేదంటే కనుమదారి మంచుతో మూసుకుపోయిందని ఎర్కిన్‌తో కబురంపండి.

ఇంకా మంచు పడలేదని నాకు తెలుసు. అయినా నమ్ముతాను.

ఇట్లు,
మీరెలా అంటే అలా ఉండే,
ఐజాదా అమ్మ