బెరిల్ గాజు గది కప్పు, దాని ఆమోదపత్రం

2012 ఆగస్టులో, మా వంటింటి బల్ల దగ్గర, నా తమ్ముడు నా భార్య బెరిల్‌కు ఒక మాట ఇచ్చాడు. "వదినా, ఈసారి క్రిస్మస్ పుడ్డింగు నువ్వు గాజు గదిలోనే కోస్తావు. చలేసిందంటే నా మీసం తీసేస్తా." మాట పోయింది. మీసం ఇంకా ఉంది.

యార్క్‌షైర్‌లోని స్కిప్టన్ నివాసిని, రిటైరైన లైబ్రేరియన్‌ని, క్లెమెంట్ థాక్రే అనే నేను, ఎనభై మూడో ఏట ఈ వీలునామా రాస్తున్నాను. బుద్ధి నిలకడగా ఉంది; జ్ఞాపకం అంతకన్నా నిలకడగా ఉంది. ఎవరి ఒత్తిడీ లేదు. ఇదివరకటి వీలునామాలన్నీ రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా వకీలు శ్రీమతి హెస్టర్ ఆంబ్లర్‌ది.

1. నా ఇల్లు, పెరటివైపు గాజు గదితో సహా, తమ్ముడి కూతురు జూడిత్‌కు చెందాలి. కారణం చెబుతాను. ఆ గదికి మొదట ప్లాస్టిక్ పలకల కప్పు ఉండేది. ఎండాకాలం పొయ్యి, చలికాలం మంచుపెట్టె. కప్పులు వేయడమే వృత్తి అయిన తమ్ముడు దాన్ని పీకి బరువైన పెంకులు వేశాడు. ఇంటికీ ఆ గదికీ మధ్య తలుపును ఊడదీసి తన కోళ్లగూటికి బిగించుకున్నాడు. ఆ తలుపు పోతే గది ఇంట్లో భాగమవుతుంది, ఊరి కౌన్సిల్ ఆమోదం తప్పదు. దరఖాస్తు పెట్టానన్నాడు. ఎప్పుడడిగినా, "వచ్చేస్తుంది అన్నయ్యా, కౌన్సిలువాళ్లు టీ తాగడం అవ్వనీ" అనేవాడు.

2. బెరిల్ ఊపిరితిత్తులకు సముద్రపు గాలి మంచిదని ఫైలీలో చిన్న ఇల్లు చూసుకున్నాం. మా ఇల్లు కొనేవారి వకీలు కప్పుకు ఆమోదపత్రం అడిగాడు. దరఖాస్తే పెట్టలేదని అప్పుడు తేలింది. బేరం తప్పింది, ఫైలీ ఇల్లు చేజారింది. పెంకుల బరువుకు కప్పు కుంగి కారసాగింది. ఆ తరువాతి మార్చిలో, బకెట్టులో చుక్కలు పడుతుండగా, బెరిల్ ఇక్కడే పోయింది. ఆమె చితాభస్మాన్ని జూడిత్ ఫైలీ తీసుకెళ్లాలి. గాలి సముద్రంవైపు వీచేటప్పుడే వదలాలి.

3. రెండోసారి కప్పు వేయించింది జూడిత్. ముందు ఆమోదానికి రాసింది, తరువాతే పెంకు ముట్టనిచ్చింది. కొత్త స్తంభాలు, తేలిక పెంకులు, మధ్యలో మళ్లీ తలుపు. కౌన్సిల్ తనిఖీదారు లోపలి కలప చూసేదాకా సీలింగు మూయనివ్వలేదు. పనివాళ్లు గొణిగితే, "మా పెద్దమ్మ కూర్చోవలసిన గది. ఆగండి" అంది. ఆమోదపత్రం హాలు గోడకు ఉంది, అదీ ఆమెదే. ఇల్లు ఎప్పుడు అమ్ముకున్నా ఆపగల వకీలు లేడు.

4. బెరిల్ నిమ్మకుండీ పక్కింటి విన్నిఫ్రెడ్‌కు. చలికాలాల్లో దానికి దుప్పటి కప్పింది ఆమే.

5. నా రోమన్ చరిత్ర పుస్తకాలు, అంచుల్లో నేను రాసిన తగాదాలతో సహా, ఊరి లైబ్రరీకి. రోమన్ల కట్టడాల సంపుటం మాత్రం తమ్ముడికి. ఇంకా నిలిచి ఉన్న కప్పుల దగ్గర పేజీలు మడిచాను.

6. ఆ బకెట్టు కూడా తమ్ముడికే. నా అంత్యక్రియల తరువాత ఇచ్చే టీకి అతన్ని రానివ్వండి, హామ్ శాండ్‌విచ్‌లు పెట్టండి. కుర్చీ గాజు గదిలో వేయండి. ఆ రోజు వాన పడితే మరీ మంచిది. ఇప్పుడు ఆ కప్పు కింద ఒక్క చుక్క చప్పుడు వినబడదు.

7. తమ్ముడని రాస్తే చాలదు, పేరుండాలని శ్రీమతి ఆంబ్లర్ అంటున్నారు. ఆ మార్చి నుంచి ఈ ఇంట్లో ఆ పేరు పలకలేదు. కానీ కాగితం విషయంలో లోపం చేసేవాణ్ని నేను కాను. అతను డెస్మండ్ థాక్రే.

స్కిప్టన్, 14 నవంబరు 2024
(సంతకం) క్లెమెంట్ థాక్రే
మా ఇద్దరి ఎదుట సంతకం చేశారు. సాక్షులు: ఆల్బన్ షట్, రొట్టెల దుకాణం, మ్యూరియల్ హోల్డ్‌గేట్, నర్సు.