మేకు కొట్టనివ్వని ఇల్లు

మిర్యాలగూడ,
మే 1989

చిరంజీవి వెంకన్నను నాయనమ్మ సైదమ్మ దీవించి రాసేది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీ క్షేమం మీ ఇంటి ఓనరు అంజయ్య చేతుల్లో ఉందని నీ ఉత్తరం చదివాక తెలిసింది. గోడకు మేకు కొట్టొద్దన్నాడని క్యాలెండర్‌ను కుర్చీలో కూర్చోబెట్టావా? అంటే మీ ఇంటికి వచ్చిన చుట్టం నిలబడాలి, తారీఖు మాత్రం కూర్చుంటుంది. బాగుంది.

ఇల్లు కొంటున్నానన్న మాట మాత్రం రెండుసార్లు చదివాను. మీ తాతా నేనూ బదిలీ అయిన ప్రతి ఊళ్లోనూ కిరాయికే ఉన్నాం. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనా ఇప్పటికీ నేనుండేది కిరాయి ఇల్లే. మన ఇంట్లో సొంత గడప తొక్కే మొదటివాడివి నువ్వే అవుతావు.

అందులోనూ అమ్మేది సేవ్యా సారు. హైస్కూల్లో నీకు లెక్కలు చెప్పినాయన. కోదాడలో టీచరుగా ఉన్న కూతురు సోనీ పక్కనే చిన్న ఇల్లు కట్టుకుంటున్నాడనీ, అది కాగానే సూర్యాపేట ఇల్లు నీకు అప్పజెప్పి పోతాడనీ రాశావు. నీకు లెక్కలు చెప్పి కూడా నిన్ను నమ్ముతున్నాడంటే మంచి మనిషే అయి ఉంటాడు.

ఆఫీసు లోను ఎందాకా వచ్చింది? కాగితం కదలకపోతే నువ్వు కదులు. పోయి ఆ బల్ల ముందు నవ్వుతూ నిలబడు. నవ్వే మనిషిని చూస్తే గుమస్తాలకు భయం. నువ్వూ ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తావే గనుక నీకు తెలిసే ఉంటుంది.

ఆశీస్సులతో,
నాయనమ్మ

తా.క. కడుపుతో ఉన్న పెళ్లాం, యాదలక్ష్మిని బిందెలు మోయనివ్వకు. అంజయ్య నల్లా పొద్దున ఒక్కపూటే వదులుతాడన్నావు గదా, నీళ్లు నువ్వు పట్టి ఆఫీసుకు ఆలస్యంగా పో. దేశానికి పెద్దగా నష్టం లేదు.


సూర్యాపేట,
ఆగస్టు 1989

పూజ్యురాలైన నాయనమ్మ పాదాలకు మనవడు వెంకన్న నమస్కరించి రాసుకునేది.

లోను ఇంకా రాలేదు. ఫైలు నల్లగొండ పోయింది. సంతకం పెట్టాల్సిన ఆఫీసరు బదిలీ అయ్యాడు. కొత్తాయన వచ్చాడు గాని ఆయనకు కుర్చీ రాలేదు. కుర్చీ వచ్చేసరికి ఆయన సెలవులో పోయాడు. నువ్వు చెప్పినట్టే బల్ల ముందు నిలబడి నవ్వాను. "ఏంది తమ్మీ, తబియత్ బాగలేదా?" అని అడిగారు.

సేవ్యా సారు జూన్‌లోనే అడిగాడు, "కోదాడల పని అయిపోవస్తున్నది. నువ్వెప్పుడు దిగుతవ్ బిడ్డా?" అని. లోను రాలేదని గురువుగారి ముఖం మీద చెప్పడానికి నోరు రాలేదు. ఏదో ఒకటి చెప్పి ఆపాను. "సరే, నాకేం తొందర లేదు" అన్నాడు.

తొందరంతా ఇక్కడ అంజయ్యకే. దసరాకల్లా పోతామని మేం ముందే చెప్పాం గదా, ఆ మాట పట్టుకుని కోటయ్య అనే టైలరుకు ఇల్లు ఇస్తానన్నాడు. ఆ కోటయ్య రోజూ వచ్చి ముందుగదిని టేపుతో కొలుచుకుని పోతున్నాడు. నిన్న అడ్డంగా ఉన్నానని నన్ను కూడా కొలిచాడు.

యాదలక్ష్మిని పురిటికి నిడమనూరు పంపాను. బస్సెక్కుతూ ఒకటే మాట అన్నది: "పిల్లనెత్తుకొని వస్తే మన ఇంటికే వస్త. గా అంజయ్య ఇంటికి మాత్రం రాను. ఉయ్యాల కట్టనీకె ఒక కొక్కెం లేని ఇంట్ల పిల్లను ఏడ పండుకోబెట్టాలె?" కొక్కెం సంగతి అంజయ్యను అడిగి చూశాను. "దూలం నాది, పిల్ల నీది. రెంటికి సంబంధం పెట్టకు" అన్నాడు.

ఇట్లు,
నీ మనవడు వెంకన్న

తా.క. సారు ఇంట్లో దూలం టేకుది. చూసినప్పుడల్లా మనసు చల్లబడుతుంది.


మిర్యాలగూడ,
ఆగస్టు 1989

వెంకన్నా, నిండు నూరేళ్లు బతుకు. కాస్త ధైర్యంగా బతుకు.

"ఏదో ఒకటి" అంటే ఏమిటి? బడి నడిపి జుట్టు నెరిసినదాన్ని. ఏదో ఒకటి చెప్పానన్న పిల్లవాడు నిజం చెప్పిన సందర్భం నా సర్వీసులో లేదు. సారుకు ఏం చెప్పావో వచ్చే ఉత్తరంలో రాయి.

ఇంకో మాట. లోను రాగానే మీ అత్తగారు పంచాంగం తీసి ఆ నెల కాదు, ఈ వారం కాదు అని మొదలుపెడుతుంది. నా కోసం ఆగామని మాత్రం ఎవరికీ చెప్పకండి. గ్రహణం పూట బడిపిల్లలకు పల్లీలు పంచి పెట్టి, సంజాయిషీ రాసుకున్నదాన్ని నేను. ఇల్లు ఖాళీ అయిందంటే అమావాస్య నాడైనా చాప చంకలో పెట్టుకుని వస్తాను.

మీ నాయనమ్మ

తా.క. ఆ టైలరు నీ కొలతలు తీసుకున్నాడు గనుక ఒక చొక్కా కుట్టించుకో. కిరాయి ఇంట్లో ఇన్నేళ్లున్నందుకు అదైనా మిగులుతుంది.


సూర్యాపేట,
అక్టోబరు 1989

నాయనమ్మకు వెంకన్న శతకోటి నమస్కారాలు.

రెండు శుభవార్తలు. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా బాగున్నారు. లోను కూడా పుట్టింది. రిజిస్ట్రేషన్ అయిపోయింది. కాగితం మీద ఇల్లు మనదే. నువ్వడిగిన ఆ పాత సంగతి నాకు సరిగ్గా గుర్తులేదు, వదిలెయ్.

కష్టమంతా తాళంచెవి దగ్గర వచ్చింది. సారు ఇల్లు ఖాళీ చేయడం లేదు. చేయనని అనడు, చేస్తానని అనడు. ప్రతి ఆదివారం పోతున్నాను. సారు ముందు నాకు ఇప్పటికీ కూర్చోవడం రాదు, నిలబడే టీ తాగుతాను. ఆయన భార్య కమలాబాయమ్మ రొట్టెలు కట్టి ఇస్తుంది, తెచ్చుకుంటాను. గురువును పట్టుకుని ఎప్పుడు పోతారని ఎట్లా అడగను?

ఆయన మాత్రం పోగానే నీ గురించే అడుగుతాడు.

"నాయనమ్మ మంచిగున్నదా బిడ్డా?"

"మంచిగున్నది సార్."

"ఉత్తరం రాసిందా?"

"రాసింది సార్."

"ఏమన్న చెప్పిందా మరి?"

"మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నది సార్."

అంతే, పెద్దగా ఊపిరి వదిలి లోపలికి పోతాడు.

పోయిన వారం ఇల్లంతా సున్నం వేయించాడు. ఈ వారం పొయ్యిగద్దె పడగొట్టి ఇంకో మూలన కొత్తది కట్టించాడు. పోయేవాడు ఎవడైనా కొత్త పొయ్యి కట్టుకుంటాడా? ఆయన మనసు మారిందని నాకు అనుమానం.

ఇట్లు,
వెంకన్న

తా.క. కోటయ్య కుట్టుమిషను మా వరండాలోకి వచ్చింది. "ఊకె జాగ పట్టి పెట్టిన అన్నా, మీరు నిమ్మళంగ పోండ్రి" అన్నాడు. చొక్కా బాగానే కుట్టాడు.


మిర్యాలగూడ,
అక్టోబరు 1989

ముత్తాతల పేరు నిలబెట్టే వెంకన్నకు (కూర్చోవడం రాదు గనుక నిలబడే నిలబెట్టు) దీవెనలు.

మునిమనవరాలికి ముద్దులు. ఇక నా ఆరోగ్యం సంగతికి వద్దాం. నన్ను ఎన్నడూ చూడని మనిషి ప్రతి ఆదివారం నేను బాగున్నానా అని ఎందుకు అడుగుతున్నట్టు? నా ఒంటికీ ఆయన తాళంచెవికీ ఏమిటి సంబంధం? బాగా ఆలోచించాను. నేను పోయాననుకో. ఇంట్లో మనిషి పోయిన ఏడాది మీ అత్తగారు నిన్ను కొత్తింట్లో అడుగు పెట్టనివ్వదు. ఆ ఏడాది ఆయన కొత్త పొయ్యి మీద హాయిగా వండుకుని తినొచ్చు. లెక్కల మాస్టారు లెక్క చూసుకునే అడుగుతున్నాడు. నేను బాగున్నానని నువ్వు చెప్పగానే ఊపిరి ఎందుకు వదులుతున్నాడో ఇప్పుడు అర్థమైందా?

వచ్చే ఆదివారం పోయి రెండు ముక్కలు చెప్పు. మొదటిది: "మా నాయనమ్మ రాయిలాగ ఉన్నది సార్." రెండోది: "మీరెప్పుడు ఖాళీ చేస్తరు సార్?" దారిలో పదిసార్లు అనుకుంటూ పో. ఎక్కాలు అట్లాగే నేర్చావు.

నాయనమ్మ

తా.క. రొట్టెలు తెచ్చుకోవడం ఆపు. తిన్న నోరు అడగలేదు.


సూర్యాపేట,
నవంబరు 1989

నాయనమ్మా, కోపం తెచ్చుకోకుండా చదువు.

పోయాను. మొదటి ముక్క చెప్పాను. "రాయిలాగ" అన్న మాట వినగానే సారూ కమలాబాయమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన కొంచెం భయపడ్డట్టు కూడా అనిపించింది. "ఎరుకే బిడ్డా" అన్నాడు.

రెండో ముక్కకు నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే సారు పెరట్లోకి పోయి నిమ్మమొక్క నాటడం మొదలుపెట్టాడు. నా నోట్లోంచి "ఇదెప్పుడు కాస్తది సార్?" అని వచ్చింది. "మూడేండ్లు పట్టొచ్చు. ఓపిక ఉండాలె" అన్నాడు. ఇంకేం అడగను? మూడేళ్లు ఉంటాడన్నమాట. లోపల దూలానికి కొత్తగా ఇనుప కొక్కెం కూడా బిగించి ఉంది. రిటైరైన మనిషి గదా, ఉయ్యాలబల్ల వేసుకుని ఊగుతాడు కాబోలు.

కోటయ్య మిషను ముందుగదిలోకి వచ్చింది. రాత్రి దాని పక్కనే పడుకుంటున్నాను. యాదలక్ష్మి పిల్లను తీసుకుని వస్తానని కబురు చేసింది. ఏ ఇంటికి రమ్మనను? సెలవు పెట్టి నిడమనూరు పోతున్నాను. ఇంకో ఏడాది పుట్టింట్లోనే ఉండమని చెప్పాలి. అది ఏమంటుందో తలచుకుంటే బస్సు ఎక్కబుద్ధి కావడం లేదు.

ఇట్లు,
ఏ ఇల్లూ లేని వెంకన్న

తా.క. కొట్టకు నాయనమ్మా, రొట్టెలు తెచ్చుకున్నాను.


మన ఇల్లు,
సూర్యాపేట,
నవంబరు 1989

నిడమనూరులో అత్తగారింట్లో దాక్కున్న వెంకన్నకు, వాళ్ల నాయనమ్మ రాసేది ఏమంటే:

పైన చిరునామా ఇంకోసారి చదువు. నేను తప్పు రాయలేదు.

నీ ఉత్తరం అందగానే సంచీ సర్దుకుని ముందు కోదాడ పోయాను. అక్కడ ఆ సారు ఇల్లు అసలు ఉందో లేదో నా కళ్లతో చూద్దామని. సోనీ టీచరు ఇల్లేదంటే ఎవరో చూపించారు. పక్కనే కొత్త ఇల్లు, తలుపుకు తాళం. అమ్మాయి మంచిది, నేనెవరో అడగకుండానే మజ్జిగ ఇచ్చింది. ఈ ఇల్లు ఎప్పుడవుతుందమ్మా అన్నాను.

"ఇల్లు ఎప్పుడో అయిందమ్మమ్మా. మా నాన్నే రావట్లేదు. సూర్యాపేట ఇల్లు కొన్నతనికి ఒక నాయనమ్మ ఉందంట, మిర్యాలగూడలో. మహా పట్టింపు మనిషంట. ఆషాఢం కుదరదందంట, భాద్రపదం వద్దందంట. ఆవిడ తన చేత్తో ముహూర్తం రాసి పంపితే గానీ వాళ్లు గడప తొక్కరంట. అప్పటిదాకా దీపం లేకుండా ఇల్లు పాడుపెడితే ఆవిడ ఊరుకోదని మా వాళ్లు అక్కడే కూర్చున్నారు. పొయ్యి ఆగ్నేయంలో లేకపోతే ఏమంటుందోనని అదీ పడగొట్టి కట్టించారు."

"ఆ ముసలిది ఇంకా బతికే ఉందా?" అన్నాను.

"రాయిలా ఉందంటమ్మా" అంది పాపం.

మజ్జిగ మొత్తం తాగాను. "ఏదో ఒకటి" అంటే నేనన్నమాట.

ఒరే, నీకు లోను రాకపోతే ఆఫీసరు పేరు చెప్పు, గవర్నమెంటు పేరు చెప్పు. గ్రహణంలో పల్లీలు పంచినదాన్ని పంచాంగంలో కూర్చోబెడతావా? చెప్పి మర్చిపోయావు కూడా. ఆయన ప్రతి ఆదివారం "ఏమన్న చెప్పిందా" అని అడిగింది నా ముహూర్తం గురించి. నువ్వు ప్రతి ఆదివారం "అడిగినట్టు చెప్పమన్నది" అని ఆ పెద్దమనిషి ఊపిరి తీశావు. నేనేమో ఆయన నా చావు కోసం చూస్తున్నాడని మిర్యాలగూడలో ఇద్దరికి చెప్పాను. ఇప్పుడు పోయి ఆ ఇద్దరికీ మళ్లీ చెప్పుకోవాలి.

కోదాడ నుంచి సూర్యాపేటకు వచ్చి సారు తలుపు తట్టాను. నా పేరు చెప్పగానే కమలాబాయి కొంగు నిండా కప్పుకుంది. సారు లేచి నిలబడ్డాడు. కూర్చోవడం రాకపోవడం నువ్వు ఎక్కడ నేర్చావో తెలిసింది. నీ సంగతి మొత్తం చెప్పేద్దామనే పోయాను. కానీ ఆయన చేతులు కట్టుకుని, "ముహూర్తం చెప్పున్రి అమ్మా, మీరెట్లంటె అట్ల" అన్నాడు. కొత్త సున్నం వాసన, కొత్త పొయ్యి, నీళ్లు పోసిన నిమ్మమొక్క. ఇవన్నీ నా మీద భయంతో చేసిన పనులు. నిన్ను బయటపెట్టాలనిపించలేదు. గోడ గడియారం వైపు చూసి, కోదాడ బస్సు ఎన్నింటికుందని అడిగాను. చెప్పాడు. "అదే ముహూర్తం" అన్నాను.

"మస్తు బలమైన లగ్నమమ్మా" అని ఆయనే అన్నాడు. సామాను ఎప్పటినుంచో కట్టి పెట్టుకున్నారట. కమలాబాయి పోతూ పోతూ నా చేతులు పట్టుకుని, "ఎంత భయపడ్డమో అమ్మా, మీరు మంచోళ్లే ఉన్నరు" అంది. ఈ మాట నాతో ఇంతవరకు ఎవరూ అనలేదు.

నీ సామాను కూడా వచ్చేసింది. కోటయ్య ఒక్కడే మోశాడు. ఈ ఊళ్లో మన ఇంటి కోసం అంత సంతోషపడినవాడు ఇంకొకడు లేడు. అంజయ్య లాంతరు పట్టుకుని నాలుగు గోడలూ తడిమి చూశాడు, ఎక్కడైనా మేకు దొరుకుతుందేమోనని. దొరకలేదు. నిరాశపడ్డాడు.

ఇక ఆ కొక్కెం. నాకు చెప్పకుండా నువ్వు పోయి సారు దగ్గర యాదలక్ష్మి మాట చెప్పుకున్నావట గదా, ఉయ్యాల కట్టుకునే చోటు లేదని. టీ తాగుతూ ఎప్పుడో అన్నావట. అది గుర్తుపెట్టుకుని ఆయన బిగించింది. ఊగడానికి కాదు. నేను రెండు చేతులతో వేలాడినంత పని చేసి చూశాను. కదల్లేదు.

దీపం నేను పెడుతున్నాను. తల్లినీ పిల్లనూ తీసుకుని నేరుగా ఇక్కడికే రా. మంచిరోజు చూడమని మీ అత్తగారు అంటే, నాయనమ్మ చూసిందని చెప్పు. ఒకసారి చెప్పిన అబద్ధమే గదా, అలవాటే.

ఇట్లు,
మహా పట్టింపు మనిషి

తా.క. వచ్చేటప్పుడు కోదాడ మీదుగా రా. చుట్టు దారే, అయినా రా. సారుకు అసలు సంగతి నువ్వే చెప్పు. నిలబడే చెప్పు.

ఇంకో తా.క. పొద్దున ముందుగది గోడకు ఒక మేకు కొట్టాను. దానికి తగిలించేది ఏమీ లేదు. ఊరికే కొట్టాను.